పోరంబోకా, ఊరచెరువా? – కాపీరైటు తీరిన పాత హాస్యచిత్రాలు

1962 జూన్ 7న విడుదలైన 'గుండమ్మ కథ' మీద కాపీరైటు 2022 డిసెంబరు 31తో ముగిసింది. భారత కాపీరైటు చట్టం (1957) 26వ సెక్షను ప్రకారం చలనచిత్రానికి రక్షణ, అది విడుదలైన ఏడాది గడిచిన తరువాతి జనవరి ఒకటి నుండి అరవై సంవత్సరాలు. ఆ లెక్కన 2023 ప్రవేశించేసరికి ఆ చిత్రం ఎవరిదీ కాకుండా పోయింది, లేదా అందరిదీ అయింది. ఈ రెండు మాటలనూ మనం ఒకే అర్థంలో వాడుతుంటాం. అవి ఒకటి కావు. 'ఎవరిదీ కాదు' అన్న మాటతో బాధ్యత కూడా తీరిపోతుంది. 'అందరిదీ' అన్న మాటలో ఇంకెవరో ఏదో చేయవలసి ఉన్నదన్న సూచన ఉన్నది. కాపీరైటు తీరిన హాస్యచిత్రాల విషయంలో చట్టం మొదటి అర్థం దగ్గరే ఆగిపోయిందనీ, నైతికంగా మనం రెండవ అర్థాన్ని స్వీకరించవలసి ఉన్నదనీ ఈ వ్యాసంలో ప్రతిపాదిస్తున్నాను. తక్కిన చిత్రాలను విడిచి హాస్యచిత్రాలనే ఎందుకు తీసుకోవాలన్న ప్రశ్నకు సమాధానం తరువాత వస్తుంది.

పరిభాష

కాపీరైటును తెలుగులో 'గ్రంథస్వామ్యం' అంటున్నాం. గ్రంథానికి పుట్టిన మాట కనుక సినిమాకు అతకదు. ఈ వ్యాసంలో కాపీరైటు అనే వాడుతున్నాను. 'పబ్లిక్ డొమైన్' అన్న మాటకు మాత్రం అందరూ అంగీకరించిన తెలుగు సమానార్థకం స్థిరపడలేదు. ఈ లోటు కేవలం నిఘంటు సమస్య కాదు. ఆ స్థితిని మనం ఎట్లా ఊహిస్తున్నామో తేల్చుకోకపోవడం వల్లనే మాట కుదరలేదు.

మన గ్రామ వ్యవహారంలో ఈ ఊహకు రెండు నమూనాలున్నాయి. పోరంబోకు అంటే శిస్తు లేని, పట్టాదారు లేని నేల. కాలక్రమంలో దాన్ని ఎవరు ముందు దున్నుకుంటే వారిది అన్న భావన బలపడింది. ఆ మాట తిట్టుగా కూడా మారింది. రెండవది ఊరచెరువు. దానికీ పట్టాదారు లేడు. అయినా తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి మడికి ముందు నీరు పారాలో నిర్ణయించే కట్టుబాటు ఉండేది. వేసవిలో పూడిక తీయడానికి ఇంటికొక మనిషి వెళ్ళేవాడు. విచిత్రమేమిటంటే రెవెన్యూ రికార్డులలో చెరువు కూడా 'చెరువు పోరంబోకు' గానే నమోదవుతుంది. కాగితం మీద రెంటికీ తేడా లేదు. ఊరివారికి తెలిసిన తేడాను కాగితం ఎరుగదు. గడువు తీరిన సినిమాల స్థితి సరిగ్గా ఇదే.

పొరలు పొరలుగా హక్కులు

'గుండమ్మ కథ' దగ్గరికే తిరిగి వద్దాం. ఈ చిత్రానికి మొదట ఉన్న గడువు యాభై ఏళ్ళు. 1941లో మరణించిన రవీంద్రనాథ టాగూరు రచనలపై కాపీరైటు 1991 చివర తీరబోతుండగా ప్రభుత్వం హడావుడిగా ఆర్డినెన్సు తెచ్చి, 1992లో చట్టాన్ని సవరించి గడువును అరవైకి పెంచింది. విశ్వకవి గీతాల కోసం జరిగిన ఆ పెంపు సినిమాలకూ వర్తించింది. 2012తో తీరవలసిన గుండమ్మ ఋణం మరో పదేళ్ళు సాగింది. ఆ పదేళ్ళు ఎందుకు అవసరమో సినిమాలను ఉద్దేశించి ఆలోచించినట్లు కనిపించదు.

గడువు తీరిందన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. చలనచిత్రంపై హక్కు వేరు, అందులో చేరిన సాహిత్య, సంగీత రచనలపై హక్కు వేరు అని 13వ సెక్షను చెబుతున్నది. రచనకు గడువును లెక్కించేది విడుదల తేదీ నుండి కాదు, రచయిత మరణం నుండి. పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో మరణించారు; ఆ సాహిత్యానికి రక్షణ 2031 చివరి వరకు. స్వరకర్త ఘంటసాల 1974లో మరణించారు. బాణీలకు 2034 చివరి వరకు. సంభాషణలు రాసిన డి.వి. నరసరాజు 2006లో మరణించారు; ఆ మాటలకు 2066 చివరి వరకు. హక్కు నిర్మాతకు సంక్రమించినా, వారసులకు మిగిలినా గడువు మాత్రం ఇదే. దీన్ని అక్షరార్థంలో తీసుకుంటే 2023 నుండి మనకు దక్కింది బొమ్మ మాత్రమే. సూర్యకాంతం చేయి తిప్పడం మనది, ఆ చేయి తిప్పుతూ అన్న మాట మనది కాదు. టాకీని మళ్ళీ మూకీగా మార్చగల శక్తి ఒక్క చట్టానికే ఉన్నది. న్యాయస్థానం ముందుకు వస్తే ఈ చిక్కును ఎట్లా విడదీస్తుందన్నది వేరే విషయం. చట్టంలోని అక్షరం మాత్రం ఇట్లా ఉన్నది.

ఈ చిక్కు మనకే ప్రత్యేకం కాదు. అమెరికా 1909 నాటి చట్టం ప్రకారం కాపీరైటు ఇరవై ఎనిమిదేళ్ళు. ఆ చివరి ఏడాదిలో మళ్ళీ నమోదు చేయించుకుంటేనే రెండవ విడత దక్కేది. 1940లో వచ్చిన ప్రసిద్ధ హాస్యచిత్రం 'హిజ్ గర్ల్ ఫ్రైడే'కు ఆ రెండవ నమోదు జరగలేదు. సినిమా 1960ల చివరకే అందరిదీ అయింది. కాని దానికి మూలమైన 'ది ఫ్రంట్ పేజ్' నాటకం 1928 నాటిది; దాని హక్కు 2023 చివరి దాకా నిలిచి ఉంది. ఇల్లు ఊరిది, పునాది ఒకరి సొంతం అన్నట్లుగా అర్ధశతాబ్దానికి పైగా గడిచింది.

ఇక్కడ మన సాహిత్య సంప్రదాయం నుండి ఒక పోలిక తీసుకోవచ్చు. ప్రాచీన కవి తన కావ్యాన్ని కన్యగా భావించి కృతిపతికి సమర్పించేవాడు. ధనమిచ్చినవాడు కృతిపతి, రాసినవాడు కృతికర్త. మనుచరిత్రను స్వీకరించిన కృష్ణదేవరాయలను ఎవరూ దాని కర్త అనలేదు. (ఆముక్తమాల్యద విషయంలో ప్రచారంలో ఉన్న వాదం దీనికి తలకిందులైనది; అక్కడ రాజు కర్తృత్వాన్నే శంకించారు.) భారత కాపీరైటు చట్టం 2(డి) ఉపసెక్షనులో చలనచిత్రానికి 'కర్త' అంటే నిర్మాత. కృతిపతే కృతికర్త అయ్యాడు. దర్శకుణ్ణి సహకర్తగా గుర్తించాలన్న ప్రతిపాదన 2010 నాటి సవరణ బిల్లులో ఉండింది. 2012లో చట్టమయ్యేటప్పటికి అది లేదు. కాబట్టి కమలాకర కామేశ్వరరావుకు తాను దర్శకత్వం వహించిన చిత్రంపై చట్టం దృష్టిలో కర్తృత్వమే లేదు. నిర్మాత హక్కు తీరినప్పుడు సినిమాకు 'కర్త' అన్నవాడి ప్రయోజనమూ దానితోపాటే తీరుతుంది. తరువాత దాని బాగోగులు అడిగేవారెవరన్న ప్రశ్నకు చట్టంలో చోటు లేదు.

అరువు తెచ్చుకున్న నవ్వు

హాస్యచిత్రాలనే ఎందుకు పరిశీలించాలో ఇప్పుడు చెప్పవచ్చు. యాజమాన్య హక్కును సమర్థించే వాదాలలో బలమైనది జాన్ లాక్‌ది: ప్రకృతిలో ఉమ్మడిగా ఉన్నదానికి మనిషి తన శ్రమను జోడించినప్పుడు అది అతనిది అవుతుంది, ఇతరులకు చాలినంత మిగిలి ఉన్నంత వరకు. ఈ వాదాన్ని హాస్యానికి అన్వయిస్తే ఉమ్మడి సొత్తు వాటా ఎంత, శ్రమ వాటా ఎంత అన్న ప్రశ్న తప్పదు. విషాదం కంటే హాస్యం ఉమ్మడి సొత్తు మీద ఎక్కువగా ఆధారపడుతుందని నా అభిప్రాయం. గయ్యాళి అత్త, పిసినారి, అప్పులవాడు, పండితమ్మన్యుడు – వీరిని ఏ నిర్మాతా కల్పించలేదు. ప్రేక్షకుడు ముందే ఎరిగిన రకానికి కొత్త రూపం కనిపించినప్పుడు నవ్వు పుడుతుంది. ఎరుక లేనిచోట నవ్వు లేదు. భరతుడు హాస్యాన్ని ఆత్మస్థం, పరస్థం అని విభజించడంలోనూ అది ఒకరి నుండి ఒకరికి పాకే గుణమున్నదన్న గుర్తింపు ఉన్నది.

1958లో 'అత్తా ఒకింటి కోడలే' అన్న సినిమా వచ్చింది. పేరు సామెత. ఏ ఇంటి వసారాలోనో పుట్టి ఎన్ని తరాలు నలిగిందో తెలియని మాట ఒక చిత్రానికి పేరయింది; అరవై ఏళ్ళు గడిచి 2018తో ఆ చిత్రం మీద హక్కు తీరింది. 'గుండమ్మ కథ' కూడా కన్నడ చిత్రం 'మనె తుంబిద హెణ్ణు' ఆధారంగా తయారైనది. దానికి షేక్స్పియరు నాటకం ఒకదాని ఛాయ కూడా ఉన్నదంటారు. అరువు మీద అరువు. ఇది లోపం కాదు, హాస్యం బ్రతికే పద్ధతే ఇది. చిత్రం బయటికి వచ్చాక మరో అప్పు మొదలవుతుంది. సూర్యకాంతం అన్న పేరు తెలుగునాట ఒక జాతివాచకం అయింది. ఆడపిల్లకు ఆ పేరు పెట్టడానికి జనం వెనుకాడతారన్న మాట ప్రసిద్ధం. ఆ అర్థాన్ని ఆ పేరుకు ఇచ్చింది నటి ప్రతిభ ఒక్కటే కాదు, అరవై ఏళ్ళుగా ఇళ్ళలో ఆ పేరును వాడిన జనం కూడా. ఉమ్మడి నుండి తీసుకున్నదాన్ని, ఉమ్మడిలోనే విలువ పెంచుకున్నదాన్ని గడువు తీరాక తిరిగి ఇవ్వడం దానం కాదు, బాకీ తీర్చడం.

బాకీ తీర్చేటప్పుడు వస్తువు చేతికి అందాలి. కాగితం మీద హక్కు రద్దయి, ఫిల్ము బూజుపట్టి పోయి ఉంటే బాకీ తీరినట్లా?

కాపాడినవారు, కంచె వేసినవారు

ఈ ప్రశ్నకు స్పష్టమైన ఉదాహరణలు అమెరికా మూకీ హాస్యచిత్రాల చరిత్రలో దొరుకుతాయి. 1950ల ఆరంభం వరకు సినిమా ఫిల్ము నైట్రేటు పదార్థంతో తయారయ్యేది. అది సులభంగా అంటుకుంటుంది. అంటుకోకపోయినా తనంతట తానే జిగురై, పొడియై పోతుంది. 1912–1929 మధ్య అమెరికాలో తయారైన సుమారు 11,000 మూకీ కథాచిత్రాలలో మొదట విడుదలైన రూపంలో మిగిలినవి 14 శాతమేనని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. లారెల్, హార్డీలు 1927లో నటించిన 'హ్యాట్స్ ఆఫ్' అన్న లఘుచిత్రంలో వారిద్దరూ బట్టలుతికే యంత్రాన్ని పొడవైన మెట్ల వరుస మీదుగా మోస్తారు. అవే మెట్ల మీద పియానో మోసిన 'ది మ్యూజిక్ బాక్స్' (1932) ఆస్కారు అందుకున్నది. 'హ్యాట్స్ ఆఫ్' మీద అమెరికాలో కాపీరైటు ఏ లెక్కన చూసినా 2022తో తీరింది. దాన్ని ఎవరైనా స్వేచ్ఛగా ప్రదర్శించవచ్చు. ప్రదర్శించడానికి ఒక్క ప్రతి కూడా లోకంలో లేదు. ఆ ఏడాదే వచ్చిన 'ది బ్యాటిల్ ఆఫ్ ద సెంచరీ' రెండవ రీలు దశాబ్దాల పాటు కనిపించకుండా పోయి, 2015లో ఒక ప్రైవేటు సేకరణలో దొరికింది. పబ్లిక్ డొమైన్ ఆ చిత్రాన్ని కాపాడలేదు. కాపీరైటూ కాపాడలేదు. ఒక సేకర్త అలమార కాపాడింది.

బస్టర్ కీటన్ విషయం ఇంకా చిక్కైనది. తన చిత్రాలపై కీటన్‌కు యాజమాన్యం లేదు. హక్కులు నిర్మాత జోసెఫ్ షెంక్ సంస్థవి. 'ది జనరల్' (1926) కాపీరైటును ఇరవై ఎనిమిదో ఏట ఎవరూ పునరుద్ధరించుకోలేదు. అట్లా అది ఎవరిదీ కాకుండా పోయిన కాలంలోనే, 1954లో రేమండ్ రోహాయర్ అన్న ప్రదర్శకుడు కీటన్‌ను కలిశాడు. కీటన్ పూర్వపు ఇంట్లో నటుడు జేమ్స్ మేసన్‌కు దొరికిన నైట్రేటు ప్రతులతో సహా మిగిలిన వాటిని చేరదీసి సురక్షితమైన ఫిల్ముపైకి మార్పించినవాడు రోహాయరే. లోకం కీటన్‌ను మళ్ళీ చూసి నవ్వడానికి కారణమైనవాడు. అయితే తన చేతిలోని చిత్రాల అంతరశీర్షికలలో మాటలు మార్చి కొత్త హక్కులు కోరేవాడనీ, ఇతరులు ప్రదర్శిస్తే దావాలు వేసేవాడనీ చరిత్రకారులు రాశారు. పూడిక తీసినవాడే తూముకు తాళం వేసుకున్నాడు.

రోహాయర్‌ను దుర్మార్గుడని తోసివేయడం తేలిక. ఆయన లేకుంటే తాళం వేయడానికి చెరువే ఉండేది కాదు. ఊరు పూడిక తీయనప్పుడు తీసినవాడు తూము తనదే అంటాడు. ఇందులో దోషం ఊరిది కూడా.

దీనికి ఎదురుగా మరొక ఉదాహరణ ఉన్నది. 1998లో అమెరికా కాంగ్రెసు కాపీరైటు గడువును మరో ఇరవై ఏళ్ళు పెంచింది. పాత సినిమాలకు గడువు తొంభై అయిదేళ్ళయింది. ఆ కారణంగా 2019 జనవరి 1 దాకా ప్రచురిత రచనల కొత్త ఏడాది ఏదీ పబ్లిక్ డొమైన్‌లో చేరలేదు. ఆ రోజున చేరిన 1923 నాటి కృతులలో హెరాల్డ్ లాయిడ్ గడియారపు ముల్లు పట్టుకు వేలాడే 'సేఫ్టీ లాస్ట్' ఒకటి. ఈ పెంపును సవాలు చేసిన ఎల్‌డ్రెడ్ కేసులో, లారెల్–హార్డీ చిత్రాల హక్కులు గల హల్ రోచ్ స్టూడియోస్ తరఫున మైకేల్ ఏజీ సుప్రీంకోర్టుకు ఒక నివేదన సమర్పించాడు. పెంపు వల్ల నేరుగా లాభపడే వ్యక్తి ఆ పెంపు వద్దన్నాడు. లాభం తెచ్చే కొద్ది చిత్రాల కోసం గడువు పెంచితే, ఎవరి హక్కో తెలియని వేల చిత్రాలను ముట్టుకునే ధైర్యం ఎవరికీ ఉండదనీ, గడువు తీరేలోపు అవి పొడిగా రాలిపోతాయనీ వాదన. 2003లో కోర్టు పెంపునే సమర్థించింది. కేసు ఓడిన ఆ వాదనలోని నైతిక బలం మాత్రం నాకు తగ్గినట్లు తోచదు. స్వామ్యం అనుభవించిన కాలంలోనే వస్తువును కాపాడే ధర్మం కూడా ఉన్నదని ఒక స్వామి అంగీకరించిన సందర్భం అది.

కర్త ఇష్టం

ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పవలసి ఉన్నది. కర్త తానే వద్దనుకున్నదాన్ని జనం ఉంచుకోవచ్చునా? 1925లో 'ది గోల్డ్ రష్' తీసిన చాప్లిన్ 1942లో దాన్ని తిరిగి కూర్చి, అంతరశీర్షికలు తీసివేసి తన గొంతుతో వ్యాఖ్యానం చేర్చాడు. చివరి ముద్దును తొలగించాడు. తన దృష్టిలో అదే అసలు చిత్రం. 1925 ప్రతికి అమెరికాలో హక్కు పునరుద్ధరణ జరగక అది నాసిరకం నకళ్ళలో తిరిగింది. 1993లో కెవిన్ బ్రౌన్లో, డేవిడ్ గిల్ దాన్ని పునర్నిర్మించారు. కాంట్ 1785లో రాసిన వ్యాసంలో గ్రంథాన్ని వస్తువుగా కాక రచయిత పాఠకులతో జరిపే ప్రసంగంగా భావించాడు. ఆ దృష్టితో చూస్తే చాప్లిన్ తన మాటను సవరించుకున్నాడు. పాత మాటను తవ్వి తీయడం అతని నోరు నొక్కడమే. నాకు ఈ వాదం సగమే నచ్చుతుంది. ప్రసంగం సవరించుకునే హక్కు వక్తకు ఉన్నది, విన్నవారి జ్ఞాపకాన్ని సవరించే హక్కు లేదు. 1925లో నవ్విన జనం నవ్వింది ఆ ప్రతికే. రెండు ప్రతులూ ఉండాలి; ఏది ఎప్పటిదో, ఏది కర్తకు ఇష్టమైనదో చెప్పే చీటీతో ఉండాలి. మన తాళపత్ర పరిష్కర్తలు పాఠాంతరాలను అధోజ్ఞాపికలో చూపడం ఇటువంటి మర్యాదే.

చాటువుల నుండి

మన సాహిత్యంలో కాపీరైటు ఎరుగని హాస్యానికి ప్రత్యక్ష నిదర్శనం చాటువు. అది నోటి నుండి నోటికి తిరిగింది, ఎవరైనా మార్చారు, కర్త పేరు పోయినచోట తెనాలి రామకృష్ణుని పేరు తగిలించారు. ఇది స్వేచ్ఛ, దీని మూల్యం కర్తల అదృశ్యం. ఎందరు చిన్న కవుల చమత్కారాలు ఒక పెద్ద పేరు కింద కరిగిపోయాయో లెక్క లేదు. నేటి వెండితెర హాస్యానికీ అదే జరుగుతున్నది. టైటిళ్ళు కత్తిరించి, మూడు నిమిషాల ముక్కలుగా చేసి పంచుతున్న దృశ్యాలలో నటుల ముఖాలు మిగులుతాయి, నరసరాజు పేరు మిగలదు. రచనను వక్రీకరించకుండా అడ్డుకునే కర్త హక్కు గడువుతో నిమిత్తం లేకుండా నిలుస్తుందని 2012 సవరణ తరువాతి 57వ సెక్షను చెబుతున్నా, కోర్టుకెక్కేంత తీరిక గల వారసులు ఎందరుంటారు?

చాటువులు పూర్తిగా పోకుండా నిలవడానికి కారణం అవి ఉమ్మడివి కావడం కాదు. వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారు వాటిని ఏరి 'చాటుపద్యమణిమంజరి'గా కూర్చడం. వేమన పద్యాలకు బ్రౌను లేఖకులకు జీతాలిచ్చి ప్రతులు రాయించాడు. ఈ శ్రమను ఋషి ఋణం అన్న పాత మాట చక్కగా పట్టుకుంటుంది. పూర్వులు ఇచ్చినదానికి వారికి తిరిగి ఇవ్వలేం, చదివి ముందుతరానికి అందించడం ద్వారానే ఆ అప్పు తీరుతుందన్న భావన అది. కాపీరైటు చర్చలో ఎప్పుడూ హక్కు ఎవరిదన్న ప్రశ్నే వినిపిస్తుంది. ఋణం ఎవరిదన్న ప్రశ్న వినిపించదు.

మరి పూడిక తీసినవాడికి కూలి ఎవరివ్వాలి? గీతలు పడిన ఫిల్మును శుభ్రం చేయడం ఖరీదైన పని. చేసినవాడు తన ప్రతికి ధర అడగడం న్యాయం. ఆ ప్రతిని చూపించి మూలచిత్రం మీద కొత్త కంచె వేయడం న్యాయం కాదు. శ్రమ ఒక్కటే కాపీరైటుకు చాలదనీ, కొంతైనా సృజన ఉండాలనీ మన సుప్రీంకోర్టు 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో చెప్పింది. 2010లో రంగులు వేసి విడుదల చేసిన 'మాయాబజార్'ను ఈ దృష్టితో పరిశీలించవచ్చు. రంగుల ఎంపికలో సృజన ఉన్నదని వాదించవచ్చు. అమెరికా కాపీరైటు కార్యాలయం 1987లో అటువంటి వాదనను అంగీకరించింది కూడా. అంగీకరించినా ఆ హక్కు రంగులకే పరిమితం. నలుపు తెలుపుల శశిరేఖ మీద దానికి అధికారం లేదు. అయితే నలుపు తెలుపుల మంచి ప్రతి ఎక్కడా దొరకకపోతే ఈ భేదం మాటల్లోనే మిగులుతుంది.

అందుకే ప్రశ్న గడువు పొడవు గురించి కాక ప్రతి గురించి వేయవలసి ఉన్నది. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ప్రతులనూ ప్రచురణకర్త కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, చెన్నైలోని కన్నెమరాకూ, మరికొన్ని గ్రంథాలయాలకూ సొంత ఖర్చుతో పంపాలి. ఎవరూ చదవని పుస్తకానికి కూడా ఈ నియమం వర్తిస్తుంది. ఆ చట్టంలో సినిమా లేదు. పుణెలోని జాతీయ చలనచిత్ర భాండాగారం 1964లో ఏర్పడినా, 2003లో అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో నైట్రేటు ఫిల్ములు కాలిపోయాయి. అరవై ఏళ్ళు అనుభవించే హక్కుకు బదులుగా, విడుదలైన ఏడాదే ఒక మంచి ప్రతిని పేర్ల పట్టికతో సహా అప్పగించాలన్న షరతు పెట్టడం నిర్మాతకు మోయలేని భారం కాదు. చిత్రీకరణ ఖర్చులో అది ఎన్నో వంతు? ఆ ప్రతి మీద అరవై ఏళ్ళు ఎవరూ చేయి వేయకుండా చూడవచ్చు. అరవై ఒకటో ఏట తాళం తీయవచ్చు. 2067లో నరసరాజు మాటలు కూడా బొమ్మతో కలిసి ఊరిలోకి వచ్చేనాటికి, వాటిని వినిపించడానికి శబ్దపథం చెడని ప్రతి ఒకటి ఎక్కడ ఉంటుందో, దాన్ని భద్రపరచవలసిన ఉద్యోగి జీతం ఏ పద్దు కింద వస్తుందో ఇప్పుడే నిర్ణయించవలసి ఉన్నది.